మన కోడ్ ఎడిటర్ పని: నెల్లూరు, ఒంగోలు మిత్రుల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

మేం కొందరం కలిసి ప్రోగ్రాములు రాసుకునే కోడ్ ఎడిటర్ ఒకటి ఓపెన్ సోర్స్‌గా తయారుచేస్తున్నాం. ఆ పని కోసం ఆదివారం పూట నెల్లూరులో మేం కూర్చునే గదికి కొత్తవాళ్లు వస్తుంటారు. ఒంగోలు, కావలి, మార్కాపురం నుంచి ఫోన్ చేసేవాళ్లూ ఉన్నారు. డిప్లొమా పిల్లలు, బీటెక్ వాళ్లు, చెన్నైలో ఉద్యోగం చేస్తూ శనివారం రాత్రికి ఇంటికొచ్చే మనవాళ్లు, అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ప్రశ్నలు మీ మాటల్లోనే ఉన్నాయి. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## చేరే ముందు

వీఎస్ కోడ్ ఉచితంగానే వస్తోంది కదన్నా, మళ్ళీ ఇంకో ఎడిటర్ ఎందుకు?

వీఎస్ కోడ్ మంచి పనిముట్టు, నేనూ ఏళ్ల తరబడి వాడాను. దాని సోర్స్‌ని మైక్రోసాఫ్ట్ 2015 నవంబర్‌లో ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోగల ఎంఐటీ లైసెన్సుతో బయటపెట్టింది. అయితే మనం దించుకునే ఇన్‌స్టాలర్‌కి వర్తించేది మైక్రోసాఫ్ట్ సొంత లైసెన్సు. వాడకం వివరాలు పంపే టెలిమెట్రీ కూడా అందులో ఉంటుంది. అది వద్దనుకునేవాళ్ల కోసం అదే సోర్స్ నుంచి వీఎస్‌కోడియం అని విడిగా తయారుచేస్తున్నారు.

మేం ఈ పని మొదలుపెట్టడానికి కారణాలు రెండు. మన దగ్గర చాలామంది పిల్లల చేతిలో ఉన్నది 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్. వీఎస్ కోడ్ ఎలక్ట్రాన్ మీద నడుస్తుంది, అంటే లోపల ఒక క్రోమియం బ్రౌజర్ మొత్తం ఉంటుంది. దానికి తోడు బ్రౌజర్లో నాలుగు ట్యాబులు తెరిస్తే మెషీన్ కదలదు. రెండోది తెలుగు. కామెంట్లు తెలుగులో రాసుకునేవాళ్లు, తెలుగు యాప్‌ల కోసం మాటలు టైప్ చేసేవాళ్లు, తెలుగు డేటా శుభ్రం చేసేవాళ్లు రోజూ ఎడిటర్‌తోనే కుస్తీ పడుతున్నారు. కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట. ఈ బాధ తెలిసినవాళ్లం మనమే, కాబట్టి సరిచేయాల్సిందీ మనమే అని నా నమ్మకం.

నాకు రస్ట్ రాదు, జావాస్క్రిప్ట్ ఒక్కటే వచ్చు. నేను పనికొస్తానా?

తప్పకుండా. ఎడిటర్ గుండెకాయ రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంది కానీ చుట్టూ ఉన్న పని అంతా రస్ట్ కాదు. కోడ్‌ని విశ్లేషించి రంగులు వేయడానికి వాడే ట్రీ-సిట్టర్ వ్యాకరణాలు రాసేది జావాస్క్రిప్ట్‌లోనే. రంగుల థీములు, మెనూల తెలుగు, వాడుక పుస్తకం, తెలుగు టైపింగ్ పరీక్షలు ఇవన్నీ రస్ట్ రాకుండానే చేయొచ్చు. మా పరీక్షల్లో సగానికి పైగా ఒక్క లైను రస్ట్ రాయని అమ్మాయి పట్టుకొచ్చినవి. ఆమె చేసిందల్లా రోజూ ఎడిటర్‌లో తెలుగు రాయడం, తేడా కొట్టిన ప్రతిసారీ ఏ కీ తర్వాత ఏ కీ నొక్కిందో రాసి పెట్టడం.

మా కాలేజీ మార్కాపురం దగ్గర. నెల్లూరు రాకుండా కుదురుతుందా?

కుదురుతుంది. కోడ్, చర్చ, నిర్ణయాలు అన్నీ గిట్ రిపాజిటరీలోనే (మార్పుల చరిత్రతో సహా కోడ్ దాచుకునే చోటు) ఉంటాయి. ఆదివారం గదిలో మాట్లాడుకున్నది ఆ సాయంత్రమే అక్కడ రాస్తాం, రాయని నిర్ణయం చెల్లదు. ఈ నియమం దూరాన ఉన్నవాళ్ల కోసమే పెట్టుకున్నాం.

ఇంగ్లీషులో రాయాలంటే భయం. పర్లేదా?

పర్లేదు. ఇష్యూ (బగ్ గురించో, కావాల్సినదాని గురించో రాసేది) తెలుగులో రాయండి. తెలుగు లిపి టైప్ చేయడం రాకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినా చదువుకుంటాం. కమిట్ సందేశం (ఒక్కో మార్పుకి జతచేసే చిన్న వివరణ) మాత్రం ఇంగ్లీషులో అడుగుతాం, బయటి ప్రాజెక్టులవాళ్లు కూడా మన చరిత్ర చూసుకోవాలి కాబట్టి. ఆ రెండు వాక్యాలు కుదరకపోతే మేం సాయం చేస్తాం. చెప్పాల్సిన విషయం స్పష్టంగా ఉంటే చాలు.

ఇది చేస్తే ఉద్యోగం వస్తుందా?

వస్తుందని మాట ఇవ్వలేను, ఇస్తే అబద్ధమవుతుంది. మీరు రాసిన కోడ్, దాని మీద జరిగిన చర్చ, ఒక బగ్‌ని ఎట్లా వెతికి పట్టుకున్నారన్నది అందరికీ కనబడేలా ఉంటుంది. ఇంటర్వ్యూలో దాని గురించి అరగంట మాట్లాడగలరు. అంతవరకు నిజం.

## దించుకుని నడిపేటప్పుడు

4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో బిల్డ్ సగంలోనే చచ్చిపోతోంది. ఏం చేయాలి?

కోడ్ తప్పు కాదు, మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమే ఆపేస్తోంది. రస్ట్ కోడ్‌ని బిల్డ్ చేసే పనిముట్టు కార్గో మామూలుగా మీ ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లుంటే అన్ని పనులు ఒకేసారి మొదలుపెడుతుంది. జాబ్స్ సంఖ్య 1కి తగ్గించండి, నెమ్మదిగా అయినా పూర్తవుతుంది. చివర్లో ముక్కలన్నీ ఒకే ప్రోగ్రాంగా కలిపే లింకింగ్ దగ్గర ఆగుతుంటే డీబగ్ సమాచారం తగ్గించి, మామూలు లింకర్ బదులు ఎల్ఎల్‌డీ పెట్టి చూడండి. లైనక్స్ అయితే 4 జీబీ స్వాప్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) ఒకటి చేసుకోవడం మంచిది.

ఇంకో మాట. మార్పు చేసిన ప్రతిసారీ పూర్తి బిల్డ్ అక్కర్లేదు. కార్గో చెక్ తప్పులు మాత్రం చూసి చెబుతుంది, మెషీన్ కోడ్ తయారుచేయదు, కాబట్టి చాలా త్వరగా అయిపోతుంది. రోజంతా చెక్‌తో పనిచేసి, నడిపి చూడాల్సినప్పుడే బిల్డ్ చేయండి. బిల్డ్‌లో తయారైనవి చేరే టార్గెట్ ఫోల్డర్ చూస్తుండగానే జీబీల కొద్దీ పెరుగుతుంది. డిస్క్ నిండితే నిర్భయంగా తీసేయండి, మళ్ళీ తయారవుతుంది.

లైనక్స్ తప్పనిసరా? మా ల్యాబ్‌లో అన్నీ విండోసే.

విండోస్‌లోనూ చేయొచ్చు. ఒక్క విషయం గుర్తుంచుకోండి. విండోస్‌లో లైను చివర రెండు గుర్తులుంటాయి, లైనక్స్‌లో ఒకటే. ఫైల్ ఎట్లా వచ్చిందో అట్లాగే సేవ్ చేయాలన్నది మా నియమం. మీ గిట్ సెట్టింగ్ వాటిని తనంతట తాను మార్చేస్తే మీరు ముట్టుకోని లైన్లన్నీ మారినట్టు ప్యాచ్‌లో (మీరు పంపే మార్పుల మూటలో) కనబడతాయి. పంపే ముందు ఒకసారి తేడా చూసుకోండి.

హాస్టల్లో నెట్ సరిగా రాదు. ఆఫ్‌లైన్‌లో పనిచేయొచ్చా?

ఒక్కసారి నెట్ ఉన్నచోట కార్గో ఫెచ్ నడిపితే కావాల్సిన లైబ్రరీలన్నీ దిగుతాయి. తర్వాత ఆఫ్‌లైన్ అని చెప్పి బిల్డ్ చేసుకోవచ్చు. గిట్‌కి కమిట్ చేయడానికి నెట్ అక్కర్లేదు. నేను పినాకినీ ఎక్స్‌ప్రెస్ రైల్లో ఒంగోలు వెళ్లే దారిలో సిగ్నల్ పోతూ వస్తూ ఉన్నా పని ఆగకుండా చేసుకునేది ఇట్లాగే.

## ఎడిటర్ లోపల

ఫైల్ మొత్తాన్ని ఒక స్ట్రింగ్‌లో పెట్టుకుంటే సరిపోదా? ఈ రోప్ అంటూ ఇంత తిప్పలెందుకు?

చిన్న ఫైల్‌కి సరిపోతుంది. పెద్దదానికి సరిపోదు. కళ్లంలో రాశిగా పోసిన వడ్లు తలుచుకోండి. మధ్యలో నుంచి నాలుగు కుంచాలు తీయాలంటే రాశి మొత్తం జారుతుంది. అవే వడ్లు బస్తాలకెత్తి, ఒక్కో బస్తా మీద తూకం రాసి పెట్టుకుంటే ఏ బస్తాలో ఎంతుందో తెలుసు, ఒకటి విప్పినా మిగతావి కదలవు. స్ట్రింగ్ రాశి లాంటిది, రోప్ బస్తాల లాంటిది. వచనాన్ని చిన్న ముక్కలుగా చేసి చెట్టు ఆకారంలో కడతాం. ప్రతి కొమ్మ దగ్గరా దాని కింద ఎన్ని బైట్లు, ఎన్ని లైన్లు ఉన్నాయో రాసుకుంటాం. 50,000వ లైనుకి వెళ్లమంటే మొదటి నుంచి లెక్కపెట్టకుండా కొమ్మల లెక్క చూసుకుంటూ దిగిపోతాం.

రోప్ ఒక్కటే దారి అని కాదు. ఈమ్యాక్స్ అనే పాత ఎడిటర్ గ్యాప్ బఫర్ వాడుతుంది: కర్సర్ ఉన్నచోట కొంత ఖాళీ వదిలి, టైప్ చేసేది అందులో నింపుతుంది. వీఎస్ కోడ్ మొదట్లో ఒక్కో లైనుకి ఒక్కో ఆబ్జెక్ట్ పెట్టుకునేది. 35 ఎంబీ ఫైల్ ఒకటి తెరుచుకోవట్లేదని ఎవరో చెబితే చూశారు. అందులో 1 కోటి 37 లక్షల లైన్లున్నాయి, ఒక్కో లైను ఆబ్జెక్ట్‌కి 40 నుంచి 60 బైట్లు, లైన్ల పట్టికకే దాదాపు 600 ఎంబీ. 2018లో దాన్ని తీసేసి పీస్ టేబుల్‌కి మారారు. అందులో అసలు ఫైల్‌ని ముట్టుకోరు, కొత్తగా రాసింది వేరే చోట చేరుస్తారు, ఏ ముక్క ఎక్కడ్నుంచి చదవాలో పట్టిక చెబుతుంది.

మేం రోప్ ఎంచుకున్నది ఇంకో సుఖం కోసం. దాని నకలు తీసుకోవడం చాలా చవక, మారని ముక్కలు రెండింటికీ ఉమ్మడిగా ఉంటాయి. మీరు టైప్ చేస్తుండగానే వెనకాల ఆ క్షణపు నకలుని డిస్క్‌కి రాసుకోవచ్చు, టైపింగ్ ఆగదు. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేముకి దొరికేది 16.7 మిల్లీసెకన్లే. అక్షరం నొక్కగానే కనబడాలంటే ఆ లోపు పని ముగియాలి.

"నెల్లూరు" పొడవు ఒకచోట 8 అంటోంది, ఇంకోచోట 24. మనకి మూడే అక్షరాలు కదా, ఏది నిజం?

మూడూ నిజమే. కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, కాబట్టి కాగితం మీద ఒకసారి రాసి చూసుకోండి. న, ఎత్వం, ల, పొల్లు, ల, ఊత్వం, ర, ఉత్వం. మొత్తం 8. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో వీటిని కోడ్ పాయింట్లంటారు. వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి 3 బైట్లు, కాబట్టి ఫైల్లో 24 బైట్లు. మనిషి కంటికి మాత్రం నె, ల్లూ, రు. ఈ మూడింటిని గ్రాఫీమ్ క్లస్టర్లంటారు.

ఎడిటర్‌లో ఒక్కో పనికి ఒక్కో లెక్క వాడాలి. డిస్క్‌కి రాసేటప్పుడు బైట్లు. కర్సర్ కదిలేటప్పుడు క్లస్టర్లు. వీటిని కలిపేస్తే కొంప మునుగుతుంది. రస్ట్‌లో ఈ మాటని 4వ బైటు దగ్గర కోయమంటే ఎత్వం మధ్యలో కత్తి పడుతుంది, ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది. ఇంగ్లీషు ఫైళ్లతో మాత్రమే పరీక్షిస్తే ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు, ఎందుకంటే అక్కడ ఒక అక్షరం అంటే ఒక బైటు. అందుకే మా పరీక్షలన్నిట్లో ఊళ్ల పేర్లు ఉంటాయి: నెల్లూరు, ఒంగోలు, కందుకూరు, గిద్దలూరు.

కర్సర్ ఒత్తు మధ్యలో ఆగుతోంది. బగ్గా?

చాలాసార్లు పాత లైబ్రరీ వల్ల. అక్షరాల హద్దులు ఎక్కడో చెప్పే యూనికోడ్ నియమాలు మొన్నమొన్నటి దాకా "క్ష"ని క్, ష అని రెండుగా చూసేవి. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల కోసం కొత్త నియమం చేర్చారు. దాంతో పొల్లుతో కలిసిన హల్లులు ఒకే క్లస్టర్ అయ్యాయి. పాత నియమం ప్రకారం "నెల్లూరు"లో కర్సర్ నాలుగు మెట్లు ఎక్కేది, కొత్తదాని ప్రకారం మూడు. మీరు చేర్చే ఏ లైబ్రరీ అయినా ఏ యూనికోడ్ వెర్షన్ ప్రకారం నడుస్తుందో ముందు చూడండి.

బ్యాక్‌స్పేస్ కొడితే అక్షరం మొత్తం పోవాలా, గుణింతం మాత్రమే పోవాలా?

దీని మీద మాలో మేం చాలా వాదించుకున్నాం. "ల్లూ" టైప్ చేయడానికి నాలుగు కీలు పట్టింది. చివర దీర్ఘం బదులు హ్రస్వం పెట్టాలనుకున్న మనిషి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొడతాడు. అక్షరం మొత్తం పోతే నాలుగూ మళ్ళీ నొక్కాలి. కాబట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కో కోడ్ పాయింట్ తీస్తుంది: ల్లూ, ల్ల, ల్, ల, ఖాళీ. డిలీట్ కీ మాత్రం కర్సర్ తర్వాత ఉన్న అక్షరం మొత్తం తీస్తుంది, ఎందుకంటే తల హల్లుని తీసేసి గుణింతాన్ని గాల్లో వదిలితే ఎవరికీ పనికిరాదు. బాణం కీలు ఎప్పుడూ అక్షరం మొత్తం దాటతాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఇది పొరపాటనుకుని మార్చే ప్యాచ్‌లు పంపుతున్నారు. మార్చవద్దు.

"రాష్ట్రం" అని రాస్తే కింద ఒత్తు కోసేసినట్టుంది.

కోడ్ కోసం వాడే ఫాంట్లు ఎక్కువ శాతం ఇంగ్లీషు అక్షరాల ఎత్తుని బట్టి లైను ఎత్తు నిర్ణయిస్తాయి. వాటిలో తెలుగు ఉండదు కాబట్టి ఎడిటర్ తెలుగు కోసం నోటో సాన్స్ తెలుగు లాంటి వేరే ఫాంట్‌కి వెళుతుంది. ష కింద ట ఒత్తు, దాంతో రావత్తు. ఇంత కిందికి దిగే అక్షరానికి చోటు లేక తర్వాతి లైను దాన్ని కప్పేస్తుంది. ఇప్పుడు లైనులో వాడిన ఫాంట్లన్నీ చూసి పెద్దదాని ఎత్తు తీసుకుంటున్నాం. అక్షరాలు అమర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ అన్నిట్లో ఉన్నది అదే. ఒత్తుల అమరిక మీరు చేత్తో రాయబోకండి.

ఇంకోటి, టెర్మినల్ ఎడిటర్లలో ఒక్కో అక్షరానికి ఒక గడి, అన్ని గళ్లూ ఒకే వెడల్పు. తెలుగు ఆ గళ్లలో ఇమడదు. "ర" ఎంత, "క్ష్మీ" ఎంత! మా ఎడిటర్ గళ్లు లెక్కపెట్టదు, ప్రతి అక్షరం అసలు వెడల్పు కొలుస్తుంది.

వేరియబుల్‌కి తెలుగు పేరు పెడితే పైథాన్ ఒక్కోసారి ఒప్పుకుంటోంది, ఒక్కోసారి ఎర్రర్ ఇస్తోంది. ఎందుకు?

పైథాన్ 3లో తెలుగు పేర్లు చెల్లుతాయి. "ధర", "మొత్తం" నిక్షేపంగా నడుస్తాయి. "సాఫ్ట్‌వేర్" దగ్గర చిక్కు. అందులో ట్ తర్వాత కంటికి కనబడని గుర్తు ఒకటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే వ కాస్తా ఒత్తుగా మారిపోతుంది. తెలుగు రాతకి అది కావాలి, పైథాన్ పేర్లలో మాత్రం దాన్ని అనుమతించదు. జావాస్క్రిప్ట్ అనుమతిస్తుంది.

కనబడని గుర్తుల్ని కొందరు మోసానికీ వాడారు. 2021లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ట్రోజన్ సోర్స్ పేరుతో దీన్ని చూపించారు: దిశ మార్చే గుర్తులు కామెంట్లలో దాచితే మనిషి చదివేది ఒకటి, కంపైలర్ చదివేది ఒకటి. దాంతో కొన్ని ఎడిటర్లు కనబడని గుర్తులన్నిటినీ హెచ్చరికగా చూపించడం మొదలుపెట్టాయి. అట్లా చేస్తే తెలుగు కామెంట్ నిండా హెచ్చరికలే. మేం చేస్తున్నదేమంటే, దిశ మార్చే గుర్తులు ఎక్కడున్నా ఎర్రగా చూపిస్తాం. నాన్ జాయినర్‌ని కోడ్‌లో ఉంటే సన్నని గీతతో చూపిస్తాం, కామెంట్లోనో స్ట్రింగ్‌లోనో తెలుగు హల్లుల మధ్య ఉంటే వదిలేస్తాం.

ఎదురుగా కనిపిస్తున్న మాటనే వెతికితే దొరకట్లేదు.

ఒకే అక్షరం రెండు రకాలుగా నిల్వ అయి ఉండొచ్చు. ఐత్వం ఒకే కోడ్ పాయింట్‌గా ఉండొచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండుగానూ ఉండొచ్చు. చూపుకి ఒకటే. వెతికే ముందు రెండువైపులా ఎన్ఎఫ్‌సీ అనే ఒకే యూనికోడ్ రూపంలోకి మార్చుకుని పోల్చాలి. ఫైల్లో ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోకూడదు.

కోడ్‌కి రంగులు వేయడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (నమూనా ఇచ్చి మాటల్ని వెతికే పద్ధతి) చాలవా?

కొంతవరకు చాలతాయి, చాలా ఎడిటర్లు అట్లాగే బతికాయి. మేం ట్రీ-సిట్టర్ వాడుతున్నాం. అది గిట్‌హబ్‌వాళ్ల ఆటమ్ ఎడిటర్ కోసం పుట్టింది. మీరు ఒక అక్షరం మార్చితే ఆ చుట్టుపక్కల భాగం మాత్రమే మళ్ళీ విశ్లేషిస్తుంది. బ్రాకెట్ మూయకుండా సగంలో ఉన్న కోడ్‌ని కూడా అర్థం చేసుకోగలదు, టైప్ చేసేటప్పుడు కోడ్ ఎప్పుడూ సగంలోనే కదా ఉండేది.

ఆటో కంప్లీట్ కోసం ఒక్కో భాషకి మనమే రాయాలా?

అక్కర్లేదు. 2016లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ని (ఎడిటర్, ఆ భాష తెలిసిన సర్వర్ ప్రోగ్రాం మాట్లాడుకునే పద్ధతి) ప్రకటించాయి. అంతకు ముందు పది ఎడిటర్లు, పది భాషలుంటే వంద జతలు రాయాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్కో భాషకి ఒక్క సర్వర్, ఒక్కో ఎడిటర్‌కి ఒక్క క్లయింట్, ఇరవైతో సరి.

ఇందులో ఒక లోపలి చిక్కు ఉంది. ఈ ప్రోటోకాల్ లైనులో స్థానాన్ని మామూలుగా యూటీఎఫ్-16 (యూనికోడ్‌ని రాసే ఇంకో పద్ధతి) యూనిట్లలో లెక్కపెడుతుంది. తెలుగు ప్రతి కోడ్ పాయింట్‌కీ ఒక యూనిటే. అందువల్ల కోడ్ పాయింట్లు లెక్కపెట్టి పంపినా తెలుగు పరీక్షలన్నీ పాసవుతాయి, అంతా సరిగ్గా ఉందనిపిస్తుంది. ఎవరైనా కామెంట్లో ఇమోజీ పెట్టగానే తప్పు చూపించే ఎర్రగీత ఒక అడుగు పక్కకి జరుగుతుంది, ఎందుకంటే ఇమోజీకి రెండు యూనిట్లు. మేం ఈ ఉచ్చులో పడి వారం పోగొట్టుకున్నాం. మీ పరీక్షలో తెలుగుతో పాటు ఒక ఇమోజీ కూడా పెట్టండి. 2022లో వచ్చిన 3.17 వెర్షన్ నుంచి యూటీఎఫ్-8 వాడదామని సర్వర్‌తో ముందే ఒప్పందం చేసుకోవచ్చు, కానీ ఒప్పుకోని సర్వర్లున్నాయి కాబట్టి పాత లెక్క కూడా ఉంచాలి.

సేవ్ చేస్తుండగా కరెంటు పోతే నా ఫైల్ ఏమవుతుంది?

ఈ ప్రశ్న అంటే నాకు చాలా పట్టింపు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, అంతకు ముందు మన జిల్లాని ముంచెత్తింది. ఆ గాలివానలో కావలి వైపు ఒక కుర్రాడు బ్యాటరీ పాడైన ల్యాప్‌టాప్ మీద ప్రాజెక్టు రాసుకుంటున్నాడు. సేవ్ నొక్కాడు, కరెంటు పోయింది. మళ్ళీ తెరిస్తే ఫైల్ ఉంది, లోపల ఏమీ లేదు. సున్నా బైట్లు. మూడు రోజుల పని. ఫోన్ చేసి "అన్నా, ఫైల్ పేరుంది, రాసింది లేదు" అన్నాడు. ఆ మాట నాకింకా వినబడుతుంది.

తప్పు మాదే. అప్పటి కోడ్ పాత ఫైల్‌ని ముందు ఖాళీ చేసి, తర్వాత కొత్తది రాసేది. ఆ రెంటి మధ్య కరెంటు పోతే పాతదీ లేదు, కొత్తదీ లేదు. ఇప్పుడు అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైల్ ఒకటి తెరిచి పూర్తిగా రాస్తాం. ఎఫ్‌సింక్‌తో అది నిజంగా డిస్క్‌కి చేరిందని రూఢి చేసుకుంటాం. ఆ తర్వాతే పేరు మార్చి పాతదాని స్థానంలో పెడతాం. పేరు మార్చడం ఒక్క అడుగులో జరిగే పని కాబట్టి ఏ క్షణంలో కరెంటు పోయినా పాతదో కొత్తదో పూర్తిగా ఉంటుంది. ఎఫ్‌సింక్ వల్ల సేవ్ కాస్త ఆలస్యమవుతోందని దాన్ని తీసేసే ప్యాచ్‌లు రెండు వచ్చాయి, తిరగ్గొట్టాం. ఈ పద్ధతిలో జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి: పాత ఫైల్ అనుమతులు కొత్తదానికి ఇవ్వాలి, ఆ పేరు సిమ్‌లింక్ అయితే అది చూపించే అసలు ఫైల్ దగ్గరే ఈ మార్పిడి జరగాలి.

సేవ్ చేయని మార్పుల్ని కూడా టైపింగ్ ఆగిన రెండు సెకన్లకి వేరేగా రాసి పెడుతున్నాం. తెరవగానే "సేవ్ కాని మార్పులున్నాయి, తిరిగి తెమ్మంటారా?" అని అడుగుతుంది.

## ప్యాచ్ పంపేటప్పుడు

మొదటి ప్యాచ్ ఎంతుండాలి?

చదివేవాళ్లు టీ తాగేలోపు చూసి ముగించేంత. ఒక బగ్, దాని పరీక్ష, అంతే. పనిలో పనిగా ఫైల్ మొత్తం అందంగా సర్దవద్దు.

పంపి పది రోజులైంది, ఎవరూ పలకలేదు. నచ్చలేదా?

నచ్చకపోతే చెబుతాం. చూసేవాళ్లం ముగ్గురమే, అందరికీ ఉద్యోగాలున్నాయి. వారం దాటితే అక్కడే ఒక లైను రాసి గుర్తుచేయండి. అది మొహమాటపడాల్సిన విషయం కాదు.

ఏఐతో రాయించిన కోడ్ పంపొచ్చా?

ప్రతి లైను ఎందుకుందో మీరు చెప్పగలిగితే పంపండి, ఏ భాగానికి వాడారో రాయండి. తెలుగు వచనం విషయంలో ఈ పనిముట్లు ఇచ్చే కోడ్ చాలాసార్లు కోడ్ పాయింట్లనే అక్షరాలనుకుంటుంది. చూడ్డానికి నీటుగా ఉంటుంది, "క్ష" దగ్గర విరుగుతుంది.

చెన్నైలో కంపెనీలో చేస్తున్నాను. రాత్రిపూట రాస్తే ఇబ్బంది ఉంటుందా?

మీ ఒప్పంద పత్రం తీసి చదవండి. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏం రాసినా కంపెనీదే అని కొన్ని పత్రాల్లో ఉంటుంది. అట్లా ఉంటే మేనేజర్ దగ్గర మెయిల్‌లో అనుమతి తీసుకోండి, నోటి మాట చాలదు. ఆఫీసు ల్యాప్‌టాప్ వాడవద్దు. మేం హక్కుల బదిలీ పత్రాలేవీ అడగం. కమిట్ కింద సంతకం లైను చాలు. ఈ కోడ్ ఇవ్వడానికి నాకు హక్కుంది అని చెప్పే ఈ పద్ధతి 2004 నుంచి లైనక్స్ కెర్నల్‌లో ఉన్నదే.

మెనూల్లో "సేవ్" అనే ఎందుకుంచారు, "భద్రపరచు" అనొచ్చు కదా?

మనం నోటితో ఏమంటామో అదే పెట్టాం. సేవ్, ఫైల్, ఫోల్డర్, సెట్టింగ్స్ అట్లాగే ఉన్నాయి. వెతుకు, మార్చు, మూసేయి, కొత్తది తెలుగులో ఉన్నాయి. ఏ మాట చూసి మనిషి ఒక్క క్షణం ఆగి "ఇదేంది?" అనుకుంటాడో ఆ మాట ఓడిపోయినట్టే. మీ ఊళ్లో ఇంకా మంచి మాట వాడుకలో ఉంటే పంపండి.

## విడుదల, లైసెన్సు, డబ్బు

ఏ లైసెన్సు, ఎందుకు?

ఎడిటర్‌కి జీపీఎల్ 3. తెలుగు అక్షరాల లెక్కలు చేసే భాగాన్ని మాత్రం విడి లైబ్రరీగా ఎంఐటీ కింద ఇచ్చాం, ఎవరి ఎడిటర్‌లో పెట్టుకున్నా తెలుగుకి మేలే కాబట్టి.

ఎవరైనా తీసుకుని అమ్ముకుంటే?

అమ్ముకోవచ్చు. జీపీఎల్ అమ్మకాన్ని ఆపదు. కాకపోతే కొన్నవాళ్లకి, వాళ్లు చేసిన మార్పులతో సహా, సోర్స్ అదే లైసెన్సు కింద ఇవ్వాలి.

డబ్బు ఎక్కడ్నుంచి వస్తుంది?

ఇప్పటికి మా జేబుల్లోంచే, ఖర్చు కూడా తక్కువే. బయట దారులున్నాయి. జెరోధా సంస్థ 2024లో ఫ్లాస్ ఫండ్ మొదలుపెట్టింది, ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా ప్రపంచంలోని ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకిస్తామని చెప్పింది. 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కొత్తగా చేరేవాళ్లకి స్టైపెండ్ ఇస్తుంది, 2022 నుంచి విద్యార్థులు కానివాళ్లూ పాల్గొనవచ్చు. మనం ఇంకా దరఖాస్తు చేసే స్థితికి రాలేదని నా అభిప్రాయం. వాడేవాళ్లు పెరగాలి, వాడుక పుస్తకం పూర్తి కావాలి.

మీరు ఆపేస్తే దీని గతేంటి?

న్యాయమైన ప్రశ్న. ఆటమ్‌ని గిట్‌హబ్ 2022 డిసెంబర్ 15న ఆపేసింది. సోర్స్ అందరి దగ్గరా ఉంది కాబట్టి వాడేవాళ్లు దాన్ని పల్సర్ పేరుతో కొనసాగిస్తున్నారు. దాని కోసం పుట్టిన ట్రీ-సిట్టర్, ఎలక్ట్రాన్ ఈ రోజు లెక్కలేనన్ని చోట్ల ఉన్నాయి. విమ్ ఎడిటర్‌ని బ్రామ్ మూలెనార్ 1991లో మొదటిసారి విడుదల చేసి, 2023 ఆగస్టులో కన్నుమూసేదాకా నడిపారు. తనకి డబ్బు పంపేబదులు ఉగాండాలోని పిల్లలకి సాయం చేయమని అడిగేవారు. ఆయన తర్వాత తోటివాళ్లు పని అందుకున్నారు, ఇప్పటికీ విడుదలలు వస్తున్నాయి.

మనం చేసుకున్న ఏర్పాటు చిన్నది. విడుదలకి డిజిటల్ సంతకం చేసే తాళాలు నెల్లూరులో ఒకరి దగ్గర, ఒంగోలులో ఒకరి దగ్గర ఉన్నాయి. విడుదల మెట్లన్నీ రిపాజిటరీలో ఒక ఫైల్లో వరుసగా రాసి ఉన్నాయి. పోయినసారి నేను కావాలనే ఫోన్ పక్కన పెట్టేశాను. ఒంగోలు అమ్మాయి ఆ ఫైల్ చూసుకుంటూ ఒక్కతే విడుదల పూర్తిచేసింది, రెండు మెట్లు తప్పుగా రాసి ఉన్నాయని దిద్ది మరీ పంపింది.